అన్నయ్యను మరిచిపోని కాకులు

మా అన్నయ్య వీధి మలుపు తిరిగాడన్న సంగతి ఇంట్లో మాకంటే ముందు పెరట్లో కాకులకు తెలిసిపోయేది. ఏలూరులో మా ఇల్లు కాలవ పక్కన. పెరటి గోడకు ఒక తలుపు, తలుపు తీస్తే కాలవగట్టు, గోడను ఆనుకుని పక్కింటివాళ్ళ వేపచెట్టు. ఆ చెట్టు మీది కాకులకూ మా అన్నయ్యకూ పడేది కాదు. అతను చింతలపూడిలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ భార్యాపిల్లలతో అక్కడే ఉండేవాడు. అమ్మను, నాన్నగారిని చూసిపోవడానికి ఆదివారాలు వచ్చేవాడు. గేటు చప్పుడు కాగానే ఒక కాకి అందుకునేది. అన్నం కోసం అరిచే అరుపు కాదది. గొంతు చించుకుని, ఆపకుండా, దొంగను తరుముతున్నట్టు అరిచేది. దానికి ఇంకో నాలుగైదు వచ్చి తోడయ్యేవి. అన్నయ్య బండి దిగి హెల్మెట్ తీసీ తీయగానే ఒకటి వెనకనుంచి వచ్చి నెత్తిమీద తన్నిపోయేది.

ఇంత పగకూ కారణం ఒక క్రికెట్ మ్యాచ్. రెండువేల రెండో మూడో, ఎండాకాలం. మా డాబా మీద కేబుల్ తీగ కట్టిన ఇనపగొట్టానికీ వేపకొమ్మకూ మధ్య కాకులు గూడు పెట్టాయి. అందులో పుల్లలు తక్కువ, ఎక్కడెక్కడో ఏరుకొచ్చిన తీగముక్కలు ఎక్కువ. మ్యాచ్ మంచి రసపట్టులో ఉండగా టీవీలో బొమ్మ పోయి చుక్కలు వచ్చాయి. అన్నయ్య వెదురుగడ తీసుకుని డాబా ఎక్కి ఒక్క పోటుతో గూడు కింద పడేశాడు. అందులో రెండు పిల్లలున్నాయి. ఒకటి సిమెంటు మీద పడి చచ్చిపోయింది. రెండోది ఏమైందో నేను చూడలేదు. చచ్చినదాన్ని కాలు పట్టుకుని గోడ అవతలికి విసిరేసి, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాడు. బొమ్మ మాత్రం రాలేదు. లోపం కేబుల్ ఆఫీసు దగ్గరే ఉందట. మ్యాచ్ కూడా మనవాళ్ళు ఓడిపోయారు. ఆ సాయంత్రం మా వీధి కాకులన్నీ పిట్టగోడ మీద చేరి చీకటి పడేదాకా అరిచాయి. కాకిగోల అనే మాట అంతకుముందు నేను ఊరికే వాడేస్తూ ఉండేదాన్ని.

అన్నయ్య చెడ్డవాడు కాదు. నవ్వుతూ, నవ్విస్తూ ఉండే మనిషి. తనకు అడ్డం వచ్చినదాన్ని పక్కకు తోసి, తోసిన సంగతి మరిచిపోవడం అతనికి అలవాటు, అంతే. కాకులకు ఆ అలవాటు లేదు. మొదట్లో టోపీ పెట్టుకుని వచ్చాడు. తర్వాత గొడుగు వేసుకుని వచ్చాడు. ఒకసారి బండి వీధి చివర పెట్టి, మా పక్కింటాయన స్కూటరు వెనకాల నక్కి కూర్చుని వచ్చాడు. ఆ పక్కింటాయన పవరుపేటలో గడియారాలు బాగుచేసే ముస్లిం పెద్దమనిషి, మాటంటే పువ్వులా ఉండేది. స్కూటరు ఆపి, "ఏవండీ, మీరు దిగండి, నన్ను వదిలేయమనండి," అన్నారు కాకుల వంక చూస్తూ. అవి ఆయన జోలికి పోలేదు. అన్నయ్యను గుమ్మందాకా సాగనంపాయి.

వీటన్నిటినీ అందరికంటే ఎక్కువ ఆనందించింది నాన్నగారు. ఆయన మున్సిపల్ స్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. ఎన్నో ఏళ్ళుగా మధ్యాహ్నం భోజనానికి కూర్చునే ముందు మొదటి ముద్ద తీసుకెళ్ళి పెరటి గోడమీద పెట్టి వచ్చేవారు. ఆయన వచ్చేసరికే కాకులు గోడమీద సిద్ధంగా ఉండేవి. చెయ్యి తీసేదాకా కూడా ఆగేవి కావు. ఒకే ఇంటి మనుషులు, ముక్కూ మొహమూ కూడా ఒకే పోలిక. తండ్రి చేతిలోది తింటాయి, కొడుకు నెత్తిన తంతాయి. ఒక ఆదివారం నాన్నగారు అన్నయ్య చొక్కా వేసుకుని, అన్నయ్య హెల్మెట్ చంకలో పెట్టుకుని గేటు తీసుకుని లోపలికి వచ్చారు. చెట్టు మీద చడీచప్పుడూ లేదు. ఒక కాకి మాత్రం గోడమీదికి దిగి ముద్దేదీ అన్నట్టు చూసింది. నాన్నగారు ఆ రోజంతా ఆ చొక్కా విప్పలేదు.

నేను అప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. పొద్దున్న పాసింజరులో వెళ్ళి సాయంత్రం పాసింజరులో రావడం. దెందులూరు దాటాక చెరువులు, చెరువుల తర్వాత చేలు, వచ్చేటప్పుడు అవే తిరగేసి. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా నా లోకం ఆ పట్టాల పొడుగు దాటలేదు. నేను చెప్పే పాఠంలో సహజాతం అని ఒక అధ్యాయం ఉండేది. పుట్టుకతో వచ్చే బుద్ధి అన్నమాట. సాలీడు గూడల్లడం, తాబేలుపిల్ల నీటివైపు పాకడం, పక్షి తన పిల్లకు మేత పెట్టడం, అన్నీ సహజాతమే. జంతువుల్లో ప్రేమ, పగ అనేవి మనం అంటగట్టేవే తప్ప అవేవీ లేవు, ఇలా రాస్తేనే మార్కులు వస్తాయి అని వారమంతా పిల్లలకు చెప్పేదాన్ని, ఆదివారం వచ్చేసరికి అన్నయ్య డెట్టాలు దూదితో నెత్తి తుడుచుకుంటూ ఉండేవాడు.

"సహజాతమైతే కాకులన్నీ మనుషులందరినీ తన్నాలి కదా. వీడినే ఎందుకు తంతున్నాయి?" అనేవారు నాన్నగారు. గూడు పోయిన జంట తన్నిందంటే సరే అనుకోవచ్చు. రెండేళ్ళయ్యాక కూడా, నోటిలోపల ఎరుపు తగ్గని కుర్రకాకులు, ఆ గూడు కూలినప్పటికి పుట్టనైనా పుట్టనివి, అన్నయ్యను చూసి అరుస్తున్నాయి. పెద్దవి అరవగా చూసి నేర్చుకున్నాయి. ఆ సంగతి నేను ఒప్పుకునేదాన్ని. ఇంకా రుజువులు కావాలి నాన్నగారూ అని కూడా అనేదాన్ని. ఒకసారి ఆయన, నీ పాఠం ప్రకారం మీ అమ్మ నిన్ను పెంచడం కూడా సహజాతమే కదా, అందులో ఆవిడ గొప్పేముంది అన్నారు. అమ్మ వంటింట్లోంచి, గొప్పేమీ లేకపోతే రేపటినుంచి మీరే వండుకోండి అంది. అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధే అయితే ఎవరూ ఎవరికీ కృతజ్ఞత చెప్పక్కర్లేదు. ఊపిరి పీల్చినందుకు ఎవరైనా దండం పెడతారా?

కాలేజీ పిల్లల్ని తీసుకుని ఏటా ఒకసారి కొల్లేరు వెళ్ళేవాళ్ళం. కైకలూరు దగ్గర గూడబాతులను చూపించడం కార్యక్రమం. పిల్లలు గూడబాతులను చూస్తుంటే నేను చేపల చెరువుల గట్లమీద నీటికాకులను చూసేదాన్ని. చెరువుల కాపలావాళ్ళు చచ్చిన నీటికాకిని ఒకదాన్ని కర్రకు వేలాడదీసేవారు. అది ఉన్నన్నాళ్ళూ మిగతావి ఆ చెరువులో దిగేవి కావు. కర్ర తీసేసిన తర్వాత కూడా కొన్నాళ్ళు, కొత్తగా వచ్చినవి సైతం, పక్క చెరువు మీద వాలి ఈ చెరువును తప్పించుకుపోయేవి. ఎవరు ఎవరికి చెప్పారు? ఎలా చెప్పారు? సెలవుల్లో నేనొక్కదాన్నే బస్సులో వెళ్ళి ఆ గట్లమీద కూర్చునేదాన్ని. చూసిందంతా ఒక వ్యాసంగా రాసి పంపితే, మైసూరులో పక్షుల మీద పరిశోధన చేసేవాళ్ళు పిలిచారు. ఇంటర్వ్యూ చేసి, మూడేళ్ళు ఇక్కడ ఉండి ఇదే పని చేయండి అన్నారు. నా జీవితంలో నేను అడగకుండా ఎవరైనా నాకు కావలసినదే ఇవ్వడం అదే మొదలు.

ఇంటికి వచ్చి చెప్పాను. అన్నయ్య, వెళ్ళవే, ఇక్కడ నేను చూసుకుంటాను అన్నాడు. అమ్మ, అక్కడ అన్నం దొరుకుతుందా అని అడిగింది. నాన్నగారు మాత్రం, చూద్దాం అన్నారు. ఆయన చూద్దాం అంటే ఔనూ కాదు, కాదూ కాదు. కొత్త పంచె కొనాలన్నా చూద్దాం, నా పెళ్ళిసంబంధమన్నా చూద్దాం. నాకు ఒళ్ళు మండేది. ఆయన పెదవి విప్పి వెళ్ళు అంటారని రోజూ సాయంత్రం పాసింజరు దిగి ఆశగా ఇంటికి వచ్చేదాన్ని. ఆయన పెరట్లో కూర్చుని కాకుల కబుర్లు చెప్పేవారు. చేరాల్సిన గడువు ఇంకా నెలన్నర ఉందనగా, ఒక పొద్దున్న కాఫీ తాగి పేపరు ఒళ్ళో పెట్టుకుని, ఆ కుర్చీలోనే పోయారు. ఔనో కాదో చెప్పకుండానే పోయారు.

మా ఇళ్ళలో చావు తర్వాత పదిరోజులు ఇల్లు ఇల్లులా ఉండదు. వసారా నిండా మనుషులు, పడుకోవడానికి చోటుండదు, ఏడవడానికి మూలుండదు. మైల కాబట్టి నేను కాలేజీకి వెళ్ళను, అమ్మ గది దాటదు. వచ్చినవాళ్ళు ముందు నాన్నగారి గురించి, తర్వాత అమ్మ గురించి, ఆ తర్వాత గొంతు తగ్గించి నా గురించి మాట్లాడుకునేవారు. కోడలు ఉద్యోగస్థురాలు, చింతలపూడిలో రెండు గదుల అద్దె ఇల్లు, పైగా అత్తగారు ఈ ఇల్లు వదిలి రానంటోంది, మరి ఈవిడ దగ్గర ఎవరుంటారు? ఆ ప్రశ్న వేసి అందరూ నావైపు చూసి, మళ్ళీ చూపు తిప్పుకునేవారు. చూసుకుంటానన్న అన్నయ్య ఇప్పుడు నా కళ్ళలోకి చూడడం మానేశాడు. నాన్నగారి తమ్ముడు, మా బాబాయి, తాడేపల్లిగూడెంలో హెడ్మాస్టరు. ఆయన మాత్రం దాపరికం లేకుండా, ఆడపిల్లకు తల్లిమీద ఉండే మమకారం సహజమమ్మా, నువ్వు ఉండలేవు వెళ్ళి, అన్నారు. సహజం అన్నమాట. అంటే నేను ఉండిపోతే అందులో నా గొప్పేమీ లేదు. వెళ్ళిపోతే మాత్రం నేను ఆడపిల్లనే కాదు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకునేదాన్ని, పైకి మాత్రం వచ్చినవాళ్ళకు కాఫీలు అందిస్తూ.

తొమ్మిది రోజుల కర్మలు ఊళ్ళో రేవు దగ్గర జరిగాయి. పదో రోజు కాకికి పిండం పెట్టాలి. కాకి ముడితే పోయినవారు తృప్తిగా వెళ్ళినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అది తెలుసుకుని, తీరుస్తామని అక్కడ నిలబడి మాట ఇవ్వాలి. అమ్మ ఆ పదిరోజుల్లో నోరు తెరిచి ఒక్కటే అడిగింది. ఆయన రోజూ అన్నం పెట్టిన కాకులే ఆ ముద్ద ముట్టాలి, పదో రోజు పిండం మన పెరటి వెనకే పెట్టించండి అంది. పురోహితుడుగారు కాస్త ఆలోచించి, దానికేముందండీ, గోడ అవతల కాలవగట్టు మీద పెట్టుకుందాం, అది ఇంటి కిందికి రాదు అన్నారు. అందరికీ కళ్ళు చెమర్చాయి. ఎంత మంచి ఆలోచన అనుకున్నారు. ఆ పిండం పెట్టవలసిన కొడుకు ఎవరో, ఆ కాకులు ఏవో మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నాకు కూడా తట్టలేదు.

ఆ రోజు పెరటి తలుపు తీసుకుని అన్నయ్య గట్టుమీదికి అడుగుపెట్టగానే వేపచెట్టు మీద మొదటి అరుపు వినిపించింది. గుండు, మీసం లేదు, ఒంటిమీద తడిపంచె. నాకే కొత్తమనిషిలా ఉన్నాడు. కాకులకు లేడు. విస్తరిలో ముద్ద పెట్టి, నీళ్ళు వదిలి, పురోహితుడుగారు చెప్పినట్టు నాలుగడుగులు వెనక్కు వేసి చేతులు జోడించి నిలబడ్డాడు. మగవాళ్ళంతా గట్టుమీద, ఆడవాళ్ళం తలుపు దగ్గర. చెట్టు నిండా కాకులే. ఒక్కటీ దిగదు. దిగకపోగా ఆ గొంతు చించుకునే అరుపు. ఎండ ఎక్కుతోంది. పొద్దుటినుంచి ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. కాకి ముట్టేదాకా ముట్టరు కూడా.

నేను బాబాయి దగ్గరికి వెళ్ళి, అన్నయ్యను చూసి అరుస్తున్నాయి బాబాయ్, అతన్ని కాస్త పక్కకు రమ్మనండి అన్నాను. ఇవాళ కూడా ఆ కబుర్లేనా అమ్మా అన్నారాయన, కోపంగా కాదు, జాలిగా. కర్త పిండాన్ని వదిలి ఎక్కడికి వెళ్తాడు అని పురోహితుడుగారు కూడా అన్నారు. ఆదివారం ఆదివారం ఈ వేడుక చూసి పొట్టలు పట్టుకుని నవ్వినవాళ్ళు వీళ్ళంతా. చావింట్లో కాకి, కాకి కాదు. అది నాన్నగారు. నాన్నగారికి కొడుకు మీద పగ ఎందుకుంటుంది? కాబట్టి అది పగ కాదు, దిగులు.

మాటలు ఇవ్వడం మొదలైంది. అన్నయ్య, అమ్మను కంటికి రెప్పలా చూసుకుంటాను నాన్నగారూ అన్నాడు. అతని గొంతు వినగానే చెట్టు మీద అరుపులు రెట్టింపయ్యాయి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో ఆవిడ, బావగారికి గుమ్మడి వడియాలంటే ప్రాణం అంది. ఇంట్లోంచి వడియాలు వేయించి తెచ్చి ముద్ద పక్కన పెట్టారు. ఒక కాకి కిందికొమ్మ దాకా దిగింది. అన్నయ్య తలెత్తి చూశాడు. అది ఎగిరిపోయింది. రోజూ ఆయన చేతిలోంచి తిన్న కాకులండీ ఇవి, ఇవాళ ఎందుకు రావంటారు, అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ మాటతో అందరికీ నిజంగా భయం పట్టుకుంది.

బాబాయి నా ముందుకు వచ్చి నిలబడ్డారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆయన నటించడం లేదు. నటించి ఉంటే నాకు తేలికయ్యేది.

"మీ నాన్న ప్రాణం నీమీదే కొట్టుకుంటోందమ్మా. మైసూరు వెళ్ళను, అమ్మ దగ్గరే ఉంటానని ఒక్క మాట అను. ఆయన కడుపునిండా తిని వెళ్తారు."

గట్టుమీద ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అనకపోతే కన్నతండ్రిని ఆకలితో పంపిన కూతురిని. అన్నా కాకి దిగదు, అన్నయ్య అక్కడే ఉన్నాడుగా. అప్పుడు ఇంకో మాట అడుగుతారు. తర్వాత ఇంకొకటి. ఆ గట్టుమీద నా బతుకంతా మాటలుగా కోసి విస్తరిలో వడ్డించినా ఆ కాకులు ముట్టవు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయేముందు వెళ్ళు అని ఒక్క మాట అనని నాన్నగారి మీద కూడా వచ్చింది. తలుపు పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. ఆవిడ నన్ను చూడడం లేదు. చెట్టు మీదకు చూస్తూ, పెదవులు కదుపుతూ, రమ్మని బతిమాలుతోంది.

"అన్నయ్యా, అమ్మకు కళ్ళు తిరుగుతున్నాయి, ఒకసారి రా," అన్నాను. అబద్ధమే. కర్తయినా కొడుకే కదా, పరుగున వచ్చాడు. పురోహితుడుగారు పక్కకు జరిగి దారి ఇచ్చారు. అన్నయ్య గడప దాటగానే నేను వెనకనుంచి తలుపు చేరవేసి, గట్టుమీదికి వెళ్ళి, అతను నిలబడ్డ చోటే చేతులు జోడించి నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. భక్తితో కాదు. ఆ మొహాలు చూడలేక. అరుపులు ఒక్కొక్కటే తగ్గాయి. కాసేపు కాలవ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత రెక్కల చప్పుడు. కళ్ళు తెరిచేసరికి విస్తరి మీద ఒక కాకి ఉంది. దాని వెంట ఇంకోటి దిగింది. ఆ తర్వాత విస్తరి కనపడలేదు.

అక్కడ ఉన్నవాళ్ళందరి ఒంట్లోంచీ గాలి వదిలినట్టయింది. బాబాయి నా తలమీద చెయ్యి వేసి, గట్టుమీద అందరికీ వినపడేలా, "మనసులో మాట ఇచ్చిందండీ. చూశారుగా, వెంటనే వచ్చారు," అన్నారు. నేను మాట ఇవ్వలేదు బాబాయ్ అన్నాను. పైకి చెప్పక్కర్లేదమ్మా, ఆయనకు వినపడింది అన్నారు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మావాళ్ళు మిగతా సగం కూడా నా తరఫున వాళ్ళే పూర్తిచేశారు. భోజనాలకు కూర్చునేసరికి నా నిర్ణయం తాడేపల్లిగూడెం దాకా ఫోన్లలో వెళ్ళిపోయింది. అన్నయ్య తలుపు సందులోంచి అంతా చూశాడు. కాకులు ఎందుకు దిగాయో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నేను అతనివైపు చూశాను. అతను విస్తరిలో పప్పు కలుపుకుంటూ తల వంచుకున్నాడు. ఇన్నేళ్ళలో కాకులు అతన్ని క్షమించకపోవడం సబబేనని నాకు మొదటిసారి అనిపించింది.

ఆ పదో రోజు అమ్మకు చేసినవన్నీ నేను ఇక్కడ రాయను. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు చుట్టాలు చాలామంది వెళ్ళిపోయారు. అమ్మ పెరటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మధ్యాహ్నం అందరూ తిన్నా ఆవిడ తినలేదు. కంచంలో అన్నం, గిన్నెలో మజ్జిగ తీసుకెళ్ళి ముందు పెట్టి పక్కన కూర్చున్నాను. ఆవిడ అన్నంలో చెయ్యి పెట్టి, తీసేసి, నావైపు తిరిగింది. చేతులకు గాజులు లేక ఆ చెయ్యి ఎవరిదోలా ఉంది.

"నిజం చెప్పవే. వాడు లోపలికి వచ్చేశాడని వచ్చాయా, మీ నాన్నగారు వచ్చారా?"

ఆవిడ వంటింట్లోంచి అన్నీ విని, అన్నీ చూసిన మనిషి. చొక్కా వేసుకుని నాన్నగారు ఆడిన ఆట ఆవిడ ముందే జరిగింది. జవాబు ఆవిడకు తెలియక కాదు. నాకూ తెలుసు. అదే చోటు, అదే ముద్ద, అవే కాకులు, ఒక్క మనిషిని తీసేస్తే చాలు. నా చదువు మొత్తంలో అంత శుభ్రమైన ప్రయోగం నేను ఎప్పుడూ చేయలేదు. ఆ నిజం చెప్పేస్తే నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు, పెట్టె సర్దుకోవచ్చు. కాకపోతే నాన్నగారు కూడా రాలేదు. ఆయన దేనికీ తృప్తిపడి వెళ్ళలేదు, ఎవరి ముద్దా తినలేదు, ఊరికే కుర్చీలో పోయారు. ఆ రోజు ఆవిడ దగ్గరనుంచి అన్నీ తీసేసుకున్నారు. నేను కూడా తీసేసుకుందామంటే ఆవిడ దగ్గర ఇంక ఉన్నది ఆ నమ్మకం ఒక్కటే.

"నాన్నగారే వచ్చారమ్మా."

"నువ్వేమన్నావు ఆయనతో?"

ఇది సహజాతం కాదు. నా పుస్తకంలో ఎలా రాసినా సరే. నేను తెలిసి, ఆలోచించి, ఒళ్ళు మండుతూనే అన్నాను.

"ఉంటానన్నాను."

అమ్మ తల ఊపింది. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో నాకు ఇప్పటికీ తెలియదు, అడగలేదు. కంచం దగ్గరికి లాక్కుని, మజ్జిగ పొయ్యి అంది. నేను పోశాను.